మర వదులైన కంకణం

మాణిక్యాంబ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "చూద్దాంలే" అంటారు, అడిగినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయేదాకా ఊరుకుంటారు. ఊరూరా హరికథలు చెప్పి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఇప్పుడు శిష్యురాలు త్రిపుర కథ చెబుతుంటే వెనక కూర్చుని వింటున్నారు. ఆ రోజు పడవ దిగి, ఏటి మధ్యనున్న లంక ఊరి వైపు నడుస్తూ త్రిపుర అడిగినదానికీ ఆ మాటే వచ్చింది.

"అమ్మగారూ, ఈ కంకణం పోకుండా ఎలా కాపాడుకోనండీ?"

"చూద్దాంలే."

నవ్వకండి. ప్రశ్న చిన్నదే గాని త్రిపురకి ప్రాణం మీదకొచ్చిన వ్యవహారం. కిందటి నెల అమలాపురంలో కథ విన్న పెద్దలు మెచ్చి ఆమె కుడిచేతికి తొడిగిన బంగారు కంకణం అది. రెండు కొసలా నెమలి తలలు, వాటిని కలుపుతూ ఒక మరచీల. బుద్ధెరిగాక ఆ పిల్ల ఒంటి మీదకి ఎక్కిన మొదటి బంగారం. తీరా చూస్తే ఆ చీల మర వదులు. కంసాలి నాలుగు రోజులు వదిలి వెళ్ళమన్నాడు. పూటైనా వదిలి ఉండటానికి ఆమెకి మనసొప్పలేదు. పసుపుతాడు చుట్టింది, జారింది. లక్క కరిగించి పోసింది, కాసేపు చిడతలు ఆడించేసరికి పొడై రాలింది. చివరికి ఒక గొప్ప ఉపాయం తట్టింది: చిడతలు ఎడమచేతికి మార్చేసింది! కంకణమున్న చెయ్యి కదలకపోతే కంకణం ఎక్కడికి పోతుంది?

పొద్దు వాలుతుండగా పందిట్లో కథ మొదలైంది. ఎడమచేతి తాళం మృదంగం వెనకాల కుంటుకుంటూ నడిచింది. మృదంగం ఆయన కళ్ళతో హెచ్చరిస్తూనే ఉన్నాడు. త్రిపుర చూపు మణికట్టు దాటితేగా! రాజు కోపంతో చెయ్యెత్తాల్సిన చోట ఆ చెయ్యి పొట్ట దగ్గరే ఉండిపోయింది. జనం మర్యాదస్తులు, లేచిపోలేదు. కొబ్బరి దింపుల గురించి పక్కవాళ్ళతో మాట్లాడుకున్నారు.

సగం కథయ్యాక పాలు తాగడానికి ఆగితే, ముందు వరసలో కూర్చున్న చెల్లాయమ్మ అనే ముసలావిడ ఇంటికి వెళ్ళి వెచ్చచేసిన ఆముదం పట్టుకొచ్చింది.

"చెయ్యి బెణికిందామ్మా? మొదట్నించీ పట్టుకునే ఉన్నావు. ఇలా తే, రాస్తాను."

త్రిపుర సిగ్గుతో చచ్చిపోయింది. మాణిక్యాంబ గారు లేచి, తన మోకాళ్ళని ఓసారి తిట్టుకుని, చెయ్యి చాచారు.

"కంకణం ఇలా ఇవ్వు. చిడతలు కూడా."

"అమ్మగారూ, మర వదులండీ!"

"తెలుసే" అంటూ ఆవిడ కంకణం కుడిచేతికి తొడుక్కున్నారు. చిడతలూ ఆ చేతికే తీసుకున్నారు.

ఆవిడే అందుకున్న మిగిలిన సగంలో తల్లి కొడుకుని యుద్ధానికి సాగనంపే ఘట్టం ఉంది. చిడతలు ఘల్లుమన్న ప్రతిసారీ త్రిపుర మెడ చాచి చీల వంక చూసింది. ఆ తల్లి తిలకం దిద్ది, కొడుకు వెళ్ళిన దారి వైపు చెయ్యి విసిరి పిలిచే చోటుకి వచ్చేసరికి చీల ఊడింది, కంకణం ఎగిరి జనంలో పడింది. మాణిక్యాంబ గారి గొంతు తడబడలేదు. అసలు గమనించినట్టే లేరు.

త్రిపుర ఆగగలదా! గబగబా దిగి, ఆడవాళ్ళ మధ్య మోకాళ్ళ మీద పాకుతూ చాపలు తడిమింది, కుచ్చిళ్ళు తప్పించి చూసింది. జరగమంటే జరిగారు గాని ఒక్కరూ ఆమె వైపు కళ్ళు తిప్పలేదు. ఇంతలో వేదిక మీంచి ఆ తల్లి గొంతు వినబడింది: "నువ్వొచ్చేదాకా ఈ తలుపు వెయ్యనురా, నాయనా!"

త్రిపుర తల ఎత్తింది. ఆ కథ ఆమెకి కంఠతా వచ్చు, తనే ఎన్నో ఊళ్ళలో చెప్పింది. అయినా, తలుపు తెరిచి పెట్టుకుని నిలబడ్డ ఆ తల్లిని చూస్తుంటే కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. చాప మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. మంగళహారతి పాడేదాకా ఆమె లేవలేదు, వెతకనూ లేదు.

హారతి అయ్యాక చెల్లాయమ్మ ముక్కు చీదుకుంటూ వచ్చి, కొంగుముడి విప్పి కంకణం త్రిపుర చేతిలో పెట్టింది. చీల మాత్రం దొరకలేదు.

"నా ఒళ్ళోనే పడిందమ్మా. నువ్వు వెతుక్కుంటున్నావని తెలుసు, పాపం. లేచి ఇద్దామంటే అక్కడ ఆ తల్లి గుమ్మంలో నిలబడి ఉందాయె! ఒక్క మాట పోయినా మళ్ళీ దొరకదని కదల్లేదు. ఏమనుకోకు తల్లీ."

త్రిపుర కంకణం వంక చూసింది, గురువు గారి వంక చూసింది. మాణిక్యాంబ గారు మోకాళ్ళు నొక్కుకుంటూ, ముసలావిడ వెళ్ళిన వైపే చూస్తూ మెల్లగా అన్నారు:

"పడవ దిగాక అడిగావే, పోకుండా ఎలా కాపాడుకోవాలని. ఏం పోతుందని ఆవిడ కదల్లేదో విన్నావుగా."