ఇసకలో పోతపోసిన పాదం

"సముద్రమ్మ ఒడ్డంట, చల్లాని ఇసకంట, అడుగేసి పోయేది ఎవరంటమ్మా..." సముద్రం మొహమే ఎరగని పిల్లలం, నాట్లు వేస్తూ ఈ పాట పాడుకునేవాళ్లం. తరవాతి చరణం ఎంత తడుముకున్నా చిక్కడం లేదు.

అరవయ్యో ఏట నాకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ మాణిక్యాంబగారు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. "ళ" ఎలా రాయాలమ్మా అంటే జంతికల గొట్టం చేతికిచ్చి పిండి ఒత్తించిన మనిషి. ఆవిణ్ణి ఒకనాడు నేను అడిగాను: "అమ్మా, పోయినదాని గుర్తు ఉంచుకోవాలా, వదిలెయ్యాలా?"

అలా అడగడానికి కారణం ఉంది. షుగరు ముదిరి, మా ఆయన కుడికాలు మోకాలి కిందికి తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషను వారం ఉందనగా, "అందరం ఒకసారి సూర్యలంక సముద్రానికి పోయొద్దాం" అన్నారాయన. కొడుకు, కోడలు, మనవలతో వెళ్లి రెండు రోజులున్నాం. మొదటి సాయంత్రమే ఆయన కట్టు విప్పేసుకుని తడి ఇసకలో దిగారు. నేను వద్దని కేకలేస్తే, "వారంలో పోయే కాలికి పథ్యమేంటే?" అని నవ్వారు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఇసక అద్దంలా ఉంది. అందులో ఆకాశం ఎర్రగా పరుచుకునుంటే, దాని మీద నడుస్తున్నట్టే నడిచారు.

ఆ కుడి అడుగుల్లో ఒకదానికి అల తగలకుండా మా కోడలు విమల అడ్డం కూర్చుంది. తను వెంట తెచ్చిన, బొమ్మలు పోతపోసే తెల్లపొడిని దోసెలపిండిలా కలిపి ఆ అడుగులో పోశాం. గట్టిపడ్డాక తిరగేస్తే నేననుకున్నట్టు గుంట రాలేదు. పాదమే వచ్చింది, మడమ పగుళ్లతో సహా! ఇసక అంటుకుని, ఇప్పుడే నీళ్లలోంచి లేచొచ్చినట్టుంది.

కాలు తీసేశాక నేను ఆ పాదాన్ని దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, రోజూ దీపం వెలిగించాను. "బతికుండగానే నాకు పాదుకలు చేశావుటే!" అని మొదట్లో ఆయన వేళాకోళమాడారు. రానురాను మాటలే తగ్గించారు. కొడుకు కొనితెచ్చిన చంకకర్రలు గోడకే ఆనుకుని ఉండిపోయాయి. రెండు నెలలు మంచం దిగలేదు. ఒకరోజు నేను హారతిస్తుంటే గోడవైపు తిరిగి పడుకునే అన్నారు:

"పోయిన కాలికే హారతులు. ఉన్న కాలిని పలకరించే దిక్కులేదు."

ఆ మాట నన్ను కుదురుగా నిలబడనివ్వలేదు. పాదాన్ని తువ్వాల్లో చుట్టుకుని పంతులమ్మగారింటికి వెళ్లాను. దీన్ని ఉంచుకుంటే మనిషి కుంగిపోతున్నారు. సముద్రంలో కలిపేద్దామంటే నాకు చేతులు రావడం లేదు. ఆ సంగతంతా చెప్పి, అప్పుడు అడిగాను ఆ ప్రశ్న.

ఆవిడ కనకాంబరాల మడికి నీళ్లు పెడుతున్నారు. చెంబు కింద పెట్టి, పాదం అందుకుని, చేతిలో బరువు చూసి, "గట్టి మనిషే" అన్నారు. తరవాత మెల్లగా వంగి, దాన్ని తడిమట్టి మీద ఆనించి, రెండు చేతులతో నొక్కి, పైకి తీశారు.

మట్టిలో అడుగు పడింది. అంచుల్లోంచి నీరు ఊరుతోంది. ఆ మడమ గీతలు నేను నలభై ఏళ్లు ఆముదం రాసిన గీతలే. ఎవరో ఇప్పుడే అటుగా వెళ్లినట్టుంటే, వెర్రిదాన్ని, వీధిగుమ్మం కేసి చూశాను. మళ్లీ మట్టికేసి చూశాను.

ఆవిడ పాదానికి అంటిన మట్టి కడిగి నా చేతిలో పెట్టారు. ఆ తరవాత పది రోజులకే ఆవిడ కాలం చేశారు. పాదం నా చేతికిచ్చిన ఆ పూట, మళ్లీ చెంబు అందుకుంటూ, నా మొహం చూడకుండా అన్నదే నాతో అన్న ఆఖరి మాట.

"ఒంటి అడుగు ఎంత దూరం పోతుంది రాఘవమ్మా? దీని జోడు ఇంట్లో పడుకునుంది. వెళ్లి లేపు."