తుమ్మకోనలో చెలమ పాఠం నిలిచిన కథ

తుమ్మకోన అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, కోతులు, జింకలు, నక్కలు, ముళ్లపందులు కలిసిమెలిసి ఉండేవి. అడవి మధ్యలో ఒక వాగు, ఆ వాగు గట్టున ఒక కళాశాల ఉండేవి. అవును, కళాశాలే! పిల్ల జంతువులు అక్కడ మూడేళ్లు చదివేవి. అన్ని పాఠాలూ పూర్తిచేస్తే మోదుగాకు మీద రాసిన పట్టా ఇచ్చేవారు. పట్టా పుచ్చుకున్న పిల్ల ఆ రోజే తల్లిదండ్రులను వదిలి, సొంతంగా బతకడానికి బయలుదేరేది.

అయిదేళ్లకోసారి అక్కడి పంతుళ్లంతా సంఘంగా కూర్చునేవారు. ఏ పాఠం ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది కొత్తగా పెట్టాలి అని తేల్చేవారు. దానికి పాతకాలం పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఏ మార్పునైనా మూడు సమావేశాల్లో మూడుసార్లు చదవాలి. మూడోసారి చదివే ముందు, పట్టా పుచ్చుకుని వెళ్లిన పాత విద్యార్థులను అడిగి రావాలి. ఆ తర్వాతే అవునంటే పచ్చాకు, కాదంటే ఎండుటాకు వేయాలి.

ఈ కథ జరిగిన ఏడు సంఘానికి అధ్యక్షుడు పింఛపతి అనే నెమలి. నాట్యం పాఠం ఆయనదే. ఆయన అందగాడే, నేను కాదనను. కాకపోతే తన అందం తప్ప ఆయన కంటికి ఇంకేదీ ఆనేది కాదు.

మొదటి సమావేశంలో పింఛపతి పురి విప్పి నిలబడ్డాడు.

"మన పట్టాకు కాస్త కళ రావాలి. నాట్యం ఇప్పుడు ఒక్క ఏడాదే నేర్పుతున్నాం. ఇకమీదట మూడేళ్లూ నేర్పుదాం. అందుకు సమయం కావాలి గనక చెలమ పాఠం తీసేద్దాం" అన్నాడు.

చెలమ అంటే ఎండిన వాగు ఇసుకలో నీళ్ల కోసం తవ్వే గుంట. ఆ పాఠం చెప్పేది వరాలమ్మ అనే అడవిపంది. ఆమె మూతికి ఎప్పుడూ బురదే. మాట మోటు. పిల్లలంటే మాత్రం ప్రాణం.

"రేపు వాగు ఎండితే పిల్లలు ఏం తాగుతారు పింఛపతిగారూ?" అని వరాలమ్మ అడిగింది.

"ఏడేళ్లుగా ఎండని వాగు రేపెందుకు ఎండుతుందమ్మా? పొరుగు అడవుల అతిథులు వస్తే మన నాట్యం చూసి మెచ్చుకుంటారా, మీ బురద గుంటలు చూసి మెచ్చుకుంటారా?" అన్నాడు పింఛపతి.

అందరూ పకపకా నవ్వారు. వరాలమ్మకు మనసు చివుక్కుమంది.

చెలమ విలువ మిగతా పంతుళ్లకు తెలియక కాదు. కానీ పింఛపతి ఒక్కొక్కరినీ చాటుకు పిలిచి మంచి చేసుకున్నాడు. ఎలుగుబంటి మాస్టారితో, "మీ తేనె పాఠానికి ఇంకో ఆరు నెలలు ఇప్పిస్తాను" అన్నాడు. కోతి మాస్టారితో, "మీ కొమ్మల పాఠం ఇక అందరికీ తప్పనిసరి చేస్తాను" అన్నాడు.

"అందరికీనా? ఏనుగు పిల్లలకు కూడానా?" అన్నాడు కోతి మాస్టారు.

"ఏనుగు పిల్లలకు కూడా!"

కోతి మాస్టారు పొంగిపోయాడు. ఏనుగు పిల్ల ఎక్కితే కొమ్మ ఆగుతుందా అని మాత్రం అడగలేదు. చూశారా పిల్లలూ, ఎవరి పాఠం గురించి వాళ్లు ఆలోచించారే గానీ, చదివే పిల్లల గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

రెండో సమావేశానికి అందరూ తలలూపేశారు. మూడోది నెల రోజుల తర్వాత జరగాలి. అంతదాకా కూడా ఆగకుండా పింఛపతి చెలమ తరగతులు ఆపించేశాడు.

"మరి పాత విద్యార్థులను అడగవద్దా?" అంది వరాలమ్మ.

"నేర్పేది మనం. వాళ్లను అడిగేదేమిటి? మీకు అంత సరదాగా ఉంటే మీరే అడిగి రండి. ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా!" అన్నాడు పింఛపతి.

వరాలమ్మ ఆ రోజే బయలుదేరింది. మైదానాలు తిరిగింది, లోయలు దిగింది. కనబడిన ప్రతి పాత విద్యార్థినీ ఒకే మాట అడిగింది. "కళాశాలలో చెప్పినవాటిలో నీకు ఏది అక్కరకొచ్చింది? ఏది రాలేదు?"

మైదానంలో ఒక జింక ఇలా చెప్పింది. "నాట్యంతో నాకు పని పడలేదు టీచరమ్మా. కానీ పులి కనబడితే ఎలా కూత పెట్టాలో నెమలి మాస్టారు ఒక పూట చెప్పారు. ఆ కూత నన్ను రెండుసార్లు కాపాడింది."

ఆ మాటను మింగేయాలని వరాలమ్మకు ఒక్క క్షణం అనిపించింది. కానీ మింగలేదు. జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది.

చివరికి ఒక ఎండు కొండ మీద తిప్పడు అనే నక్క కలిశాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడే. వరాలమ్మ ప్రశ్న విని తలదించుకునే చెప్పాడు.

"కోపం తెచ్చుకోవద్దు టీచరమ్మా. మీరు తవ్వడం నేర్పారు. ఎక్కడ తవ్వాలో నేర్పలేదు. ఎప్పుడూ వాగు పక్కన తడి ఇసుకలోనే తవ్వించారు. ఇక్కడికొచ్చాక తొమ్మిది చోట్ల తవ్వాను. పదో చోట నీళ్లు పడ్డాయి. అప్పటికే నా తమ్ముడు దాహంతో ప్రాణం విడిచాడు."

వరాలమ్మ నిలువునా కుంగిపోయింది. ఇన్నేళ్లుగా తన పాఠానికి తిరుగులేదనుకుంది. కన్నీళ్లు తుడుచుకుని తన శిష్యుడి ముందు నేల మీద చతికిలబడింది.

"మరి ఇప్పుడు నీళ్లు ఎలా కనిపెడుతున్నావు నాయనా? నాకు నేర్పు" అంది.

తిప్పడు నేర్పాడు. తెల్లవారుజామున చిన్న చిన్న దోమలు గుంపుగా ముసిరే చోటు చూడాలి. తుంగ గడ్డి దుబ్బులు పైన ఎండినా మొదలు దగ్గర పచ్చగా ఉన్న చోటు చూడాలి. నాలుగు రోజులు వరాలమ్మ అన్నీ మరిచి, బుద్ధిగా నేర్చుకుంది.

ఈలోగా తుమ్మకోనలో ఎండలు మండిపోయాయి. ఏడేళ్లుగా ఎండని వాగు ఎండిపోయింది. దగ్గరలో నీళ్లుండే చోటుకు వెళ్లాలంటే నాలుగు రోజుల నడక. పిల్లలు అంత దూరం నడవలేరు. తల్లులు ఇసుకలో అక్కడక్కడా తవ్వి చూసినా నీళ్లు పడక, గట్టున నిలబడి ఏడుస్తున్నారు. అయినా పింఛపతి నాట్యం మానిపించలేదు. అతిథులొచ్చే వేళయిందని, నాలుకలు బయటపెట్టి రొప్పుతున్న పిల్లల చేతనే గెంతులేయించాడు.

మూడో సమావేశం తెల్లవారుతుండగానే మొదలైంది.

"త్వరగా చదివేసి ముగిద్దాం" అన్నాడు పింఛపతి.

"ఆగండి!" అనే కేక వినిపించింది. వరాలమ్మ వస్తోంది. ఆమె వెనక జింకలు, నక్కలు, కుందేళ్లు, ఎలుగులు, యాభైకి పైగా పాత విద్యార్థులు వస్తున్నారు.

"మొదట నా తప్పు చెబుతాను" అంది వరాలమ్మ. "నా పాఠం సగమే. ఆ సగం వల్ల ఒక ప్రాణం పోయింది. దాన్ని ఇలాగే ఉంచమని నేను అడగడం లేదు. మార్చి ఉంచండి అంటున్నాను. నీళ్లు ఎక్కడ పడతాయో కనిపెట్టడం ఈ తిప్పడు నాకు నేర్పాడు."

సంఘం నోరెళ్లబెట్టింది. తన పాఠంలో తప్పుందని ఒక పంతులు చెప్పడం ఆ సంఘం ఎన్నడూ వినలేదు.

"ఇంకో మాట. పింఛపతిగారి కూత ప్రాణాలు నిలిపింది. ఒక పూట చాలదు, దానికి పూర్తి పాఠం పెట్టాలి" అంది.

పింఛపతికి ఒళ్లు మండింది. "నా నాట్యం వదిలేసి అరుపును పొగుడుతారా? అరవడం ఎవరికి రాదు?" అని ఎగిరిపడ్డాడు.

"మాటలు తర్వాత! ముందు నీళ్లు చూపించండమ్మా!" అని ఎలుగుబంటి మాస్టారు బతిమాలాడు.

తిప్పడు వాగులోకి దిగాడు. పిల్లలంతా వెంట నడిచారు. వంపు దగ్గర ఇసుక మీద దోమలు గుంపుగా ముసురుతున్నాయి. పక్కనే తుంగ మొదలు పచ్చగా ఉంది.

"ఇక్కడ!" అన్నాడు తిప్పడు.

"అంచులు వాలుగా తవ్వండి. లేకపోతే ఇసుక కూలుతుంది!" అంది వరాలమ్మ.

ముళ్లపంది పిల్లలు తవ్వాయి. ఎలుగు పిల్లలు ఇసుక తోడాయి. మూరెడు తవ్వారు, ఏమీ లేదు. రెండు మూరలు తవ్వారు, ఇసుక చల్లబడింది. ఇంకో జానెడు తవ్వేసరికి నీళ్లు ఊరి, గుంటలో గుండ్రంగా నిలిచాయి!

అడవంతా హోరెత్తింది. ఏనుగులు ఘీంకరించాయి. కోతులు గంతులేశాయి. తల్లులు పిల్లలను ముద్దులాడారు. అందరికంటే చిన్న పిల్లలకు ముందు తాగనిచ్చారు. వరాలమ్మ అందరి తర్వాత తాగింది.

పింఛపతి తెచ్చిన మార్పును వరాలమ్మ చెప్పినట్టు దిద్ది మూడోసారి చదివి, అక్కడే వాగు ఇసుకలో ఆకులు వేశారు. ఒకటి తప్ప అన్నీ పచ్చాకులే. ఆ ఎండుటాకు ఎవరిదో వేరే చెప్పాలా? చెలమ పాఠం మూడేళ్లకు పెరిగింది. మొదటి ఏడు తవ్వడం, రెండో ఏడు చోటు కనిపెట్టడం, మూడో ఏడు ఎండు కొండ మీద ఎవరి సాయం లేకుండా నీళ్లు తీయడం. కోతి మాస్టారు తనంతట తానే లేచి, ఏనుగు పిల్లలకు కొమ్మల పాఠం వద్దన్నాడు.

పింఛపతి అలిగి చిటారుకొమ్మ ఎక్కి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి దాహం ఆయన్ను కిందికి దింపింది. ముళ్లపందుల వెనక వరసలో నిలబడి, ఆ అందమైన పింఛాన్ని బురదలో ఈడ్చుకుంటూ వెళ్లి నీళ్లు తాగాడు. ఆ సాయంత్రమే అధ్యక్ష పదవి వరాలమ్మకు దక్కింది.

ఆ వేసవిలో తుమ్మకోనలో ఒక్క ప్రాణి కూడా దాహంతో పోలేదు. అతిథులు రానే వచ్చారు. వచ్చినవాళ్లు చెలమలు చూసి, "మా పిల్లలను కూడా చేర్చుకుంటారా?" అని వరాలమ్మను బతిమాలుకున్నారు.

కొత్త చదువు చదివిన మొదటి జట్టులో నలభై రెండు పిల్లలు పట్టా పుచ్చుకుని నాలుగు దిక్కులకూ వెళ్లాయి. మరుసటి ఎండాకాలం గడిచాక వరాలమ్మ మళ్లీ అడగడానికి బయలుదేరింది. కొండ కొండా ఎక్కింది, పేరు పేరునా పిలిచింది. నలభై రెండూ పలికాయి.

నీతి: తన పాఠాన్ని తానే పొగుడుకునే గురువు చులకనవుతాడు. నేర్చుకున్నవాళ్లను అడిగి, తప్పు దిద్దుకునే గురువు గెలుస్తాడు, తన శిష్యులనూ గెలిపిస్తాడు.