ఫకీరప్ప చేసిన సొట్ట

కారు వస్తోందంటే పొయ్యి మీది ఎసరు కూడా వదిలేసి జనం వీధిలోకి పరిగెత్తే కాలం అది. ఎన్నేళ్ల కిందటి మాటో నన్నడక్కండి. నాకు చెప్పినవాళ్లకే సరిగ్గా తెలియదు. కనుమ కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో రేకుల సందు అని ఒక సందుండేది. ఆ సందులో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఠంగు ఠంగుమని సుత్తుల చప్పుడే. పసిపిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్లు. చప్పుడాగితే లేచి ఏడ్చేవాళ్లు.

ఆ సందు చివర, అందరికంటే చిన్న కొట్టంలో ఫకీరప్ప ఉండేవాడు. దూదేకుల ఫకీరప్ప. వాళ్ల నాయన దూది ఏకాడు, ఈయన రేకు సాపు చేశాడు. కారు రేకు ఎక్కడ సొట్టబోయినా, ఎక్కడ తుప్పు తిన్నా, దాన్ని మళ్లీ కొత్తరేకులా చేయడం ఆయన పని. ఒంటినిండా మసి, తలకు ఒక పాత తుండు. నోట్లో మాట లేదు. పెళ్లినాడు ఖాజీ అడిగితే కూడా "ఊఁ" అన్నాడని, సరిగ్గా చెప్పవయ్యా అని మళ్లీ చెప్పించాల్సి వచ్చిందని, ఆయన పెళ్లాం మాబున్ని సందు సందంతా చెప్పి నవ్వేది.

మాట లేకపోతేనేం, చెయ్యుంది. కుడిచెయ్యి కాదు. కుడిచెయ్యి సుత్తి పట్టి పట్టి కాయలు కాచిపోయింది, దానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఎడమచెయ్యి. మనం ఏ మంచి పనికీ ముందుకు చాపని ఎడమచెయ్యి. దాన్ని రేకు మీద పెట్టేవాడు. కళ్లు మూసుకునేవాడు. "ఊఁ" అనేవాడు. అంతే, ఆ సొట్ట ఎలా పడిందో ఆయనకు తెలిసిపోయేది. ఇది గోడ, ఇది రాయి, ఇది ఎవరో కోపంతో తన్నిన తన్ను అని చెప్పేవాడు. బండి సొంతదారు నోరు వెళ్లబెట్టి నిలబడేవాడు, ఎందుకంటే ఆ తన్ను తన్నింది తనే.

ఒక ఎండాకాలం ఆ సందులోకి రెండు ఎద్దులు ఒక కారును లాక్కుంటూ వచ్చాయి. ముందు ఎద్దుల్ని తోలుతూ మద్దిలేటి అనే మనిషి, వెనక కారు మీద చెయ్యి ఆనించి నడుస్తూ అతని మేనత్త ఓబులమ్మ. ఓబులమ్మకు చూపు పూర్తిగా పోయింది. ఆ కారు ఆమె మొగుడు తిరుపాలుది. ఆ దిక్కున కనుమ ఎక్కిన మొదటి కారు అదే. పెళ్లికూతుళ్లు అత్తారింటికి పోయింది అందులోనే, పాము కరిచినవాళ్లు ఆసుపత్రికి పోయింది అందులోనే, నొప్పులొచ్చిన ఆడవాళ్లు కిందికి దిగింది అందులోనే. కొందరు దిగేదాకా ఆగలేదు, అందులోనే కన్నారు కూడా. తిరుపాలు పోయాక కారు చావిడిలో నిలబడిపోయింది. కోళ్లు గుడ్లు పెట్టాయి, వానలు అడుగు రేకును తినేశాయి.

ఓబులమ్మ ఫకీరప్ప ముందు నిలబడి ఒకటే అడిగింది.

"ఆయన దీన్ని ఇంటికి తోలకొచ్చిన దినం ఎట్లుండెనో, అట్ల చెయ్యప్పా. దీంట్లో కూచోని ఒక్కసారి కనుమెక్కల్ల. మళ్ల నేను పోయినా బాదల్యా."

ఫకీరప్ప "ఊఁ" అన్నాడు. ఎద్దులు వెళ్లిపోయాయి, ఓబులమ్మ వెళ్లిపోయింది. కారు మిగిలింది.

ఫకీరప్ప కారు చుట్టూ తిరిగాడు. ముందు మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. ఎద్దు కొమ్ము. వెనక తలుపు మీద చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. కనుమలో కొండ మీంచి దొర్లిన బండ. పైకెక్కి టాపు మీద చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. తిరనాళ్లకు పోతూ లోపల చోటు చాలక పైన కూర్చున్న జనం.

ఆఖరున డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. అద్దం దిగే చోటికి కాస్త కింద ఒక పల్లం ఉంది. చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అనలేదు.

అది దెబ్బ కాదు. దెబ్బయితే రేకు ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది, బిగుసుకుంటుంది. ఇది ముడత లేని పల్లం. నున్నగా, ముందువైపు కొంచెం లోతుగా, వెనకవైపు తేలిపోతూ ఉంది. ఏ రాయీ చేయదు, ఏ కొమ్మూ చేయదు. ఇదేంటని పెళ్లాం మాబున్ని అడిగితే ఫకీరప్ప సుత్తి వెతుక్కుంటూ పక్కకు తిరిగాడు. ఎవరినైనా పంపి ఓబులమ్మను అడిగితే సరిపోయేది. కానీ ఫకీరప్పకు ఒక సొట్ట తెలియలేదన్న మాట సందులో పొక్కితే ఇంకేమైనా ఉందా? మాట తక్కువ మనిషే గానీ, ఆ చేతి గర్వం మాత్రం నిలువెత్తు ఉండేది. అడగాల్సింది. అడగలేదు.

పని మొదలైంది. ఇంజను సంగతి వేరే మేస్త్రీ చూసుకున్నాడు, రేకు పనంతా ఫకీరప్పది. తుప్పు తిన్న చోట్లన్నీ కోసి పారేశాడు. కొత్త రేకు కత్తిరించి, వంచి, అతుకు కనపడకుండా అతికాడు. సొట్టలకు లోపలినుంచి ఇనప దిమ్మ ఆనించి పైనుంచి చిన్న సుత్తితో తట్టాడు. గట్టిగా కొడితే రేకు సాగుతుంది, సాగిన రేకు ఇక మాట వినదు. అందుకని నిద్రపోయే బిడ్డను జోకొట్టినట్టు కొట్టాడు. కొమ్ము పోయింది. బండ పోయింది. తిరనాళ్ల జనం దిగిపోయారు. తలుపు మీది పల్లం కూడా పోయింది. మీద లప్పం పలచగా పూశాడు, నీళ్లు పోస్తూ ఎమిరీ కాగితంతో రుద్దాడు, మళ్లీ పూశాడు, మళ్లీ రుద్దాడు. ఎర్ర ప్రైమరు కొట్టాడు. దాన్నీ రుద్దాడు. ఆ మీద నల్లరంగు.

ఏం చెప్పమంటారు ఆ నలుపు గురించి! తొలకరి పడే నాటికి కొట్టంలోంచి కారు బయటికి వస్తే సందంతా పని ఆపి వచ్చింది. ఒక ముసలాయన ఆ తలుపులో చూసుకుని తలపాగా సర్దుకున్నాడు. ఒక కోడిపుంజు అందులో తన నీడను చూసి పౌరుషానికి పోయి పొడవబోయింది, పట్టుకుని అవతల పడేశారు. రంగులో ఒక అల లేదు, రేకులో ఒక ఎత్తు లేదు. ఇది మనిషి చేసిన పని కాదన్నారు. మాబున్ని దిష్టి తీసింది.

ఓబులమ్మ వచ్చింది. మద్దిలేటి ఆమెను నడిపించుకుంటూ వచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబెట్టాడు. ఆమె తలుపు మీద చెయ్యి పెట్టింది. జరిపింది. ఇంకొంచెం జరిపింది. మళ్లీ మొదటి చోటికి వచ్చింది. జనమంతా ఆమె ముఖంలో వెలుగు కోసం చూస్తున్నారు.

"ఇది మా బండి కాదు" అంది ఓబులమ్మ.

మద్దిలేటి నవ్వి, నంబరు మనదే అత్తా అన్నాడు. ఆమె వినలేదు. చెయ్యి ఇంకా ఆ తలుపు మీద వెతుకుతూనే ఉంది. అప్పుడు ఫకీరప్పకు తెలిసింది. ఎవరూ చెప్పకముందే తెలిసింది.

అది తిరుపాలు మోచెయ్యి. ముప్పై ఏళ్లు కనుమ ఎక్కుతూ దిగుతూ, తలుపు మీద కుడి మోచెయ్యి ఆనించి తోలాడు. రంగు పోయింది, ఆ తర్వాత రేకు దిగింది. ఆయన పోయాక ఓబులమ్మ రోజూ తెల్లారి చావిడిలోకి వెళ్లి ఆ పల్లంలో అరచెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతని కూడా ఆమెకు తోచలేదు.

"కండ్లు పాయె. ఆయన మొకం గూడ మర్సిపోతాండా అప్పా" అంది ఆమె. "ఆ గుంతొకటే ఉన్నింది."

ఫకీరప్ప తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నేను చెప్పకపోతిని, నువ్వు అడగకపోతివి, ఇద్దరిదీ తప్పేలే అని మాత్రం అంది.

సందులోవాళ్లు దీన్ని పెద్ద సంగతిగా తీసుకోలేదు. సొట్ట తీయడం కష్టంగానీ సొట్ట పెట్టడమెంత, ఎద్దును ఉసిగొలిపితే అదే పెడుతుందని నవ్వారు. ఫకీరప్ప నవ్వలేదు. ఆ నల్లటి, అల లేని, పొంగులేని తలుపు ముందు కూర్చుని గుండ్రటి సుత్తి తీసుకున్నాడు. తన చేత్తో చేసిన పనిని తన చేత్తోనే కొట్టాడు. పల్లం పడింది. ఓబులమ్మను పిలిచారు. ఆమె చెయ్యి పెట్టింది. "ఇది దెబ్బ. మాయన ఈ బండిని ఎప్పుడూ కొట్టలేదప్పా" అంది.

ఫకీరప్ప ఆ పల్లం తీసేశాడు. ఈసారి ఇసక సంచి మీద రేకును ఆనించి, కొయ్యసుత్తితో, మెల్లమెల్లగా దించాడు. ఎక్కడా ముడత లేదు, నున్నగా ఉంది. ఓబులమ్మ వచ్చింది. చెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది. "బాగుండాది. కానీ దీంట్లో మనిషి లేడు" అంది.

ఆమె వెళ్లబోతుంటే ఫకీరప్ప వెనక్కి పిలిచాడు. ఆయన ఒకరిని వెనక్కి పిలవడం సందు ఎప్పుడూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక సొట్ట గురించి నోరు తెరిచి అడిగాడు.

"ఆయప్ప ఎట్ల కూచుంటాండెనో చెప్పమ్మా."

ఓబులమ్మ కొట్టం గడప మీద కూర్చుని చెప్పింది. చెప్పే కొద్దీ గుర్తొచ్చింది. చదునులో తోలేటప్పుడు మోచెయ్యి ఊరికే అలా ఆనేదట. కనుమ ఎక్కేటప్పుడు, ఇంజను రొప్పుతుంటే, తనే భుజం పెట్టి తోస్తున్నట్టు ముందుకు వాలేవాడట. ఎక్కేదాకా మాట్లాడేవాడు కాదట. లోపల నొప్పులు పడే మనిషి ఉంటే ఇంకా వాలేవాడట. చెబుతూ చెబుతూ ఆమె తన మోచేతిని గడప పక్కనున్న పెట్టె మీద ఆనించి ముందుకు వాలింది. పల్లం ముందువైపు ఎందుకు లోతో ఫకీరప్పకు అప్పుడు అర్థమైంది. ఆయన అరచెయ్యి ఆ లోతును మరిచిపోలేదు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

సుత్తితో ఆ పల్లం రాదు. మనిషి బరువుతోనే రావాలి. తిరుపాలుకు ముప్పై ఏళ్లు పట్టింది. ఫకీరప్ప దగ్గర అంత కాలం లేదు, ఓబులమ్మ దగ్గర అసలే లేదు. ఉన్నది నిప్పొక్కటే.

మర్నాడు మాబున్ని గోనెపట్ట మడతలు మడతలుగా తడిపి ఆయన కుడి మోచేతికి చుట్టింది. వద్దని చెప్పి చూసింది, వినడని తెలిసి గట్టిగా చుట్టింది. ఆయన గ్యాసు మంటతో తలుపు రేకును ఎర్రగా కాల్చాడు. మంట ఆర్పేసి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఆ ఎర్రటి రేకు మీద మోచెయ్యి ఆనించాడు. ఆవిరి కొట్టం నిండా లేచింది. ఆయన ముందుకు వాలాడు. కనుమ ఎక్కుతున్నట్టు వాలాడు. వెనక సీట్లో నొప్పులు పడే మనిషి ఉన్నట్టు వాలాడు. గోనె కమురు వాసన వచ్చింది, ఆ తర్వాత గోనె కాని వాసన వచ్చింది. మాబున్ని ఏడుస్తూ నీళ్లు పోసింది. రేకు చల్లారేదాకా ఆయన మోచెయ్యి ఎత్తలేదు.

రంగు ఆరాక ఓబులమ్మను పిలిచారు. ఈసారి సందంతా వచ్చింది, కానీ ఎవరూ నవ్వలేదు. సుత్తులన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఇళ్లల్లో పసిపిల్లలు ఒక్కొక్కరే లేచి ఏడుపందుకున్నారు.

ఆమె చెయ్యి పెట్టింది. అరచెయ్యి పల్లంలోకి దానంతట అదే జారి కూర్చుంది. ఓబులమ్మ కదల్లేదు. తర్వాత ఆ తలుపు వైపు కొంచెం వంగి, ఇంట్లోంచి పనికి పోయే మొగుడికి రోజూ చెప్పే మాట చెప్పినట్టు, మామూలు గొంతుతో చెప్పింది.

"మలుపుల కాడ నిదానంగా పో."

అక్కడున్న మొగవాళ్లు తలగుడ్డలు తీశారు. ఎందుకు తీశారో వాళ్లకే తెలియదు. ఓబులమ్మను ఎక్కించుకుని మద్దిలేటి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు గానీ, ఆ రోజు కనుమ ఎక్కినంతసేపూ ఆ తలుపు మీద మోచెయ్యి మాత్రం పెట్టలేదు. ఆ చోటు ఖాళీ కాదనిపించిందట.

ఓబులమ్మ పోయింది. మాబున్ని పోయింది. కొన్నాళ్లకు ఫకీరప్పా పోయాడు. ఖననానికి ముందు స్నానం చేయించినవాళ్లు ఆయన కుడి మోచేతి మీది మచ్చను చూసి, కాసేపు నీళ్లు పోయడం మరిచి నిలబడ్డారు. ఆయన సుత్తులు అన్ని కొట్టాలవాళ్లూ తలా ఒకటి తీసుకున్నారు. సుత్తితో పాటు ఒక మాటా తీసుకున్నారు.

ఇప్పుడు రేకుల సందు పెద్దదైంది. కనుమ మీద తారురోడ్డు పడింది. పాత కార్లను ముచ్చటపడి కొత్తగా చేయించుకునేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వస్తారు. కారు ఎవరిదైనా సరే, అక్కడి మేస్త్రీ పనిలోకి దిగేముందు, సుత్తి నేల మీద పెట్టి, ఒక మాట అడుగుతాడు.

"ఉంచాల్సిన సొట్ట ఏమన్నా ఉందా?"

కొత్తవాళ్లు నవ్వుతారు. అన్నీ తీసెయ్యమంటారు. బండి అప్పగించి నడుచుకుంటూ వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లలో కొందరు సందు మలుపు దాకా పోయి, అక్కడ ఆగి, మళ్లీ వెనక్కి వస్తారు. అందుకే రేకుల సందులో ఏ మేస్త్రీ అయినా, బండి తెచ్చిన మనిషి మలుపు తిరిగేదాకా సుత్తి ఎత్తడు.