నిచ్చెన ప్రసంగం

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఇంత దూరాన మీకు అమ్మమ్మ పక్కన పడుకునే వీలు లేకపోయింది. అందుకే ఆవిడ చెప్పినట్టే చెబుతాను. పొల్లు పోతే ఆవిడ ఊరుకోదు.

అనగనగా కాలవ చివర ఒక పేట. పేటలో చర్చి, చర్చికి దేవవరంగారని పాస్టరు. మంచాయనే. మంచాయనే అనుకున్నారు. ఊ కొట్టండి మరి!

ఆ పేట పంపుకి మంచినీళ్ళు రావడం మానేశాయి. ఎందుకూ? ప్రెసిడెంటు పీతాంబరం గొట్టాన్ని తన రొయ్యల చెరువుకి తిప్పుకున్నాడు. పేటకి ఉప్పటి బోరు నీళ్ళే గతి. పసివాళ్ళకి విరేచనాలు. ఇంతలో ఎన్నికలొచ్చాయి. పీతాంబరం మళ్ళీ నిలబడ్డాడు. ఆయనకిచ్చిన గుర్తు నిచ్చెన.

ఎన్నికల ముందు ఆదివారం పాస్టరుగారు ఏం ప్రసంగించారనుకున్నారు? బైబిల్లో యాకోబు కల! భూమ్మీద మొదలు, ఆకాశంలో కొస, మధ్యన నిచ్చెన. నిచ్చెన ఎక్కండి, నిచ్చెన విడవకండి అని గంటసేపు.

వెనక వరసలో ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. నిచ్చెనంటే పీతాంబరం, పీతాంబరమంటే రొయ్యలు, రొయ్యలంటే మన నీళ్ళు, మరి అయ్యగారి నోట్లో ఎవరి మాట?

తర్వాత సాక్ష్యాల వేళ. అప్పుడు ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పొచ్చు. మధ్యలో ఆపకూడదు. సంఘపెద్ద కోడలు సలోమి నీళ్ళ చెంబుతో లేచింది. మామగారు కళ్ళురిమాడు.

"సాక్ష్యం మామయ్యా, ఆపితే పాపం!" అంది. "దేవుడు నా బిడ్డని బతికించాడు, స్తోత్రం. వాడు తాగిన నీళ్ళివి. అయ్యగారూ, ఒక్క గుక్క తాగి ఆ నిచ్చెన ఎవరిదో చెప్పండి."

ఆయన తాగాడు. ఉన్నదంతా ఒప్పుకున్నాడు. పేరెత్తక్కర్లేదు, నిచ్చెన కథ చెబితే చాలు, చర్చికి కొత్త రేకులేయిస్తానని పీతాంబరం అన్నాడట. పైకప్పు కారుతోంది కదా అని ఈయన సరేనన్నాడట.

"ఓటు ముద్ర ఎక్కడ వెయ్యాలో నేను చెప్పకూడదు," అన్నాడు. "నీళ్ళు మళ్ళించడం పాపమని మాత్రం చెప్పి తీరాలి. రండి, ఆయన మొహం మీదే చెబుతాను."

చర్చంతా చెరువు గట్టుకి నడిచింది. ఎదురుగా అన్ని ఓట్లు! పీతాంబరం నవ్వుతూ తన చేత్తోనే గొట్టం మళ్ళీ పేటకి తిప్పాడు. ముద్ర ఎవరికి తోచినచోట వాళ్ళు వేసుకున్నారు. ఆయన ఓడాడు. పేట పంపు మాత్రం ఆగలేదు. చర్చికి రేకులు మాత్రం రాలేదు, ఆ వానాకాలమంతా జనం కారే కప్పు కింద తడుస్తూనే హాయిగా పాటలు పాడుకున్నారు.

ప్రసంగ పీఠం మీంచి మన దాహం గురించి చెబితే వినండి. గుర్తు గురించి చెబితే, రేకులెవరిచ్చారో అడగండి.

కథ కాలవ దాటింది, మనం దుప్పట్లోకి. రేపు మీ పిల్లలకి చెప్పండి నాన్నా, మర్చిపోకుండా.