పళ్లికిలించిన కోతి

ఆ రాజ్యం పేరు చెప్పనుగాక చెప్పను. ఆ వంశంవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే రేపు నా గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటారు. ఏదో ఒక రాజ్యమనుకోండి, దాన్ని ఉద్దండవర్మ ఏలుతున్నాడనుకోండి, చాలు.

ఆయనకో పిచ్చి ఉండేది. తన ముఖం కనబడగానే సభలో ప్రతివాడూ నవ్వాలి. నవ్వనివాడికి చెరసాల. "నా వాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చూశారా!" అని వచ్చిన రాయబారులకల్లా చూపించి మురిసిపోయేవాడు.

ఒకసారి కొండదొర ఎవరో ఒక ఆడకోతిని కానుక పంపాడు. పొట్టను కరుచుకుని దాని పిల్ల కూడా ఉంది. సభలో స్తంభానికి కట్టేశారు. రాజు రోజూ వస్తూనే దంతపు కర్రతో దాన్ని పొడిచి, ఆ తరవాత సింహాసనం ఎక్కేవాడు. ఒకనాడు కర్ర ఎత్తీ ఎత్తకముందే అది పళ్లన్నీ బయటపెట్టింది.

"నన్నే వెక్కిరిస్తుందా! తలారీ, దీన్నీ దీని పిల్లనీ నరికెయ్!"

ఆస్థాన విదూషకుడు బొప్పన నోరు ఊరుకోలేదు. "ప్రభూ, అది వెక్కిరింత కాదు, భయం. కోతి పళ్లికిలించిందంటే హడలిపోయిందని అర్థం."

రాజు కర్ర దించాడు.

"భయమా?" అన్నాడు మెల్లగా. "నన్ను చూసి భయపడేవాళ్లు కూడా ఉన్నారా? సరే, రేపు సభలో రుజువు చెయ్. చెయ్యలేకపోతే దానికంటే ముందు నీ తల తెగుతుంది."

బొప్పన ఇంటికెళ్లి జరిగింది చెప్పాడు. "ఆ నోరు కాస్త మూసుకుంటే ఏం పోయేదయ్యా?" అని భార్య కామసాని ఏడ్చింది.

"పిల్లని ఎలా అదుముకుందో చూశానే. నోరు దానంతటదే వాగింది" అన్నాడు.

మర్నాడు సభకు వచ్చేసరికి తలారి కత్తి తుడుచుకుంటున్నాడు. సభలోకి రాబోతున్న రాజుకు బొప్పన ఎదురెళ్లి వేడుకున్నాడు. "ప్రభూ, ఇవాళ్టికి కాసేపు తెర వెనకే నిలబడి, సందులోంచి సభను చూడండి. ఆ తరవాతే దండం కొట్టించండి."

రాజు అడుగుపెట్టేముందు ద్వారపాలకుడు దండాన్ని నేలకేసి కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ చప్పుడు వెంటే కోతికి రోజూ పోటు పడేది.

రాజు సందులోంచి చూశాడు. మంత్రి వీపు గోక్కుంటున్నాడు. సేనాపతి కునుకు తీస్తున్నాడు. పండితులు మూతులు ముడుచుకుని కూర్చున్నారు. కోతి జామకాయ కొరుకుతూ పిల్లకి పేలు చూస్తోంది. ఒక్కరి పళ్లూ కనబడటం లేదు.

దండం మోగింది. సభలో అందరి పళ్లూ ఒక్కసారిగా బయటికొచ్చాయి. కోతి మాత్రం జామకాయ నములుతూనే ఉంది.

అయిపోయింది, ఇక తల దక్కదు అనుకున్నాడు బొప్పన.

రాజు రాలేదని ద్వారపాలకుడు దండం మళ్లీ కొట్టాడు, ఈసారి గట్టిగా. కోతి చేతిలోంచి జామకాయ జారిపోయింది. పిల్లను అదుముకుని స్తంభానికి ఒదిగి, అదీ పళ్లికిలించింది.

రాజు తెర తోసుకుని వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. బొప్పన తన మూతి తడుముకున్నాడు. తన పళ్లూ బయటే ఉన్నాయి!

"ప్రభూ," అన్నాడు, "కోతులకీ మనకీ ఎక్కడో తాతముత్తాతలు ఒకరే అయ్యుంటారు. ఈ ఇకిలింపు వాళ్లిచ్చి పోయిందే. తమరు కనబడకముందే, ఉత్త చప్పుడుకే అందరం ఇకిలించాం. కోతిది వెక్కిరింతయితే మా అందరిదీ వెక్కిరింతే. ముందు ఎవరి తల తీయించాలో తమరే సెలవివ్వండి."

రాజు మంత్రి వైపు తిరిగాడు. "నువ్వు నిజంగా నవ్వుతున్నావా?"

మంత్రి జవాబు చెప్పబోయాడు. పళ్లు టకటక కొట్టుకున్నాయే గానీ మాట రాలేదు.

రాజు చేతిలో కర్ర కింద పారేశాడు. ఆ తరవాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. "ఇన్నేళ్లూ నన్ను ఎంత వెర్రివాణ్ణి చేశార్రా!"

నవ్వాలనే శాసనం అప్పుడే రద్దయింది. కోతినీ పిల్లనీ కొండకు పంపించారు. రాజు తన చేతి కంకణం తీసి బొప్పనకు తొడిగాడు. సభంతా గొల్లున నవ్వుతోంది, బొప్పన తప్ప.

"నీకేమైందిరా, మూతి బిగించుకున్నావ్?" అన్నాడు రాజు.

"చాన్నాళ్లకు భయం తీరింది ప్రభూ. నా పళ్లను కాసేపు లోపల కూర్చోనివ్వండి."