గిజిగాడి గూడు ఎందుకు వేలాడుతుంది?

ఒకప్పుడు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడేవి కావు. కాకిగూళ్ళలాగే కొమ్మల మధ్య పైకి తెరుచుకుని ఉండేవి. గాలి వీస్తే గుడ్లు కిందపడేవి. గాలి లేని రోజున పాము వచ్చేది.

వాగు ఒడ్డున ఈతచెట్టు మీద పీచు అనే పిల్ల గిజిగాడు ఉండేవాడు. వాడికి పొద్దస్తమానం ఒకటే ఆట. ఆకు చీల్చడం, ముడి వేయడం, ఊడితే మళ్ళీ వేయడం.

"ఏం కడుతున్నావురా?" అని తాత అడిగాడు.

"ఉయ్యాల, తాతా."

"ఉయ్యాలతో కడుపు నిండుతుందా? పోయి గింజలు ఏరుకో."

పీచు నాలుగు గింజలు తిని మళ్ళీ వచ్చాడు. ఎండుగడ్డి పుటుక్కున తెగింది. పచ్చిగడ్డి తెచ్చాడు, అది వంగింది. ఒక ముడి జారింది. రెండు వేస్తే నిలిచింది. ఆకు చివర వేలాడే ఉయ్యాలకి చుట్టూ గోడలు అల్లాడు. అది గాలికి గిరగిరా తిరిగిపోయింది. లోపల తడిమట్టి అంటించాక కుదురుగా ఊగింది. ఏడుసార్లు వాగులో పడింది. ఎనిమిదోసారి, వాన చినుకు లోపలికి రాకుండా, కూర్చునే గుంతకి పక్కగా తలుపు కిందివైపు పెట్టాడు.

ఆ సాయంత్రమే గాలివాన లేచింది. అమ్మ గూడు పక్కకి ఒరిగింది. నిన్ననే పుట్టిన చెల్లి అందులో ఉంది.

"అమ్మా, చెల్లిని నా ఉయ్యాలలో పెట్టు."

"అది ఆటకి కట్టింది కదా నాన్నా. తెగిపోతుంది."

"ఏడుసార్లు తెగింది. ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. అక్కడ రెండు ముడులు వేశాను."

అమ్మ ఆ ముడులను లాగి చూసింది. చెల్లిని ముక్కుతో పట్టుకుని ఉయ్యాలలోకి దూరింది.

గాలి విరుచుకుపడింది. చెట్టు మీది గూళ్ళన్నీ ఒక్కొక్కటే వాగులో పడ్డాయి. పీచు ఉయ్యాల మాత్రం గాలి ఎటు తోస్తే అటు ఊగింది, తెగలేదు.

వాన వెలిశాక పాము వచ్చింది. ఉయ్యాల మీదకి పాకి, తలుపు కోసం పైనంతా వెతికి, పట్టు జారి బుడుంగున నీళ్ళలో పడింది.

తాత తడిసిన రెక్కలతో వచ్చి పీచు పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆ ముడి ఎలా వేశావో నాకూ చూపించు."

తాత వెనకే ఊరంత గుంపు వరసగా వాలింది. పీచు ఛాతీ పొంగించుకుని ఆకు చీల్చాడు. పెద్దవాళ్ళందరూ వాడిని చూసి చీల్చారు.

అప్పటినుంచే గిజిగాడి గూడు ఆకు చివర ఊగుతూ వేలాడుతుంది, తలుపు కిందికే ఉంటుంది. పక్కనే సగం అల్లి వదిలేసిన గూళ్ళు కూడా కనిపిస్తాయి. అవి పిల్ల గిజిగాళ్ళు ఆడుకుంటూ కట్టినవి.