లంగరమ్మ గుడిలో రెండో ఆకు

కోరంగి దిగువన, మడ చెట్ల మధ్య మిగిలిన కాస్త గట్టు మీద సరంగులపాలెం ఉంది. ఓడ పనివారికి పెద్దను సరంగు అంటారు. ఒకప్పుడు ఇంటికొక సరంగు ఉన్న ఈ రేవులో ఇప్పుడు పట్టుమని పది గడపలు లేవు. పాయ పూడిపోయింది, ఓడలు రావడం మానాయి. గట్టు చివరి గుడిలో, నడుమ చిల్లి ఉన్న నల్లరాయే లంగరమ్మ తల్లి. మధ్యాహ్నం నివేదనకు ఆమె ముందు రెండు అరటాకులు వేస్తారు. ఒకటి తల్లిది. రెండోది ఎవరిదని వచ్చినవారంతా అడుగుతారు.

ముందుగా ఆకు సంగతి తెలుసుకోవాలి. భోంచేసేవారికి కొస ఎడమవైపు ఉండేలా ఆకు వేస్తాం. పోయినవారి పేర పెట్టేటప్పుడు తిప్పి వేయడం ఈ ఊరి పద్ధతి. సముద్రం మీదున్న మగవాడి కోసమైతే అటూ కాదు, ఇటూ కాదు. కొస కడలివైపు ఉండాలి. అతను ఇల్లు చేరేదాకా రోజూ అలాగే వేసేవారు. ఈ పద్ధతి మరే రేవులోనూ లేదు.

పూర్వం ఇక్కడ నూకాలు అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త గంగన్న సరంగు. పిల్లలు లేరు. ఆ రోజుల్లో అమెరికా ఓడలు మంచుగడ్డలను రంపపుపొట్టులో దాచి మదరాసుకు తెచ్చేవి. సరుకుతో మదరాసు వెళ్ళిన గంగన్న, మనుషులు చాలక ఆగిన ఒక మంచు ఓడ ఎక్కాడని తోటివారు వచ్చి చెప్పారు. ఈ రేవువారిలో మంచు ఓడ ఎక్కినవాడు అతనొక్కడే.

నూకాలు ఆకు వేస్తూనే ఉంది. ఏళ్ళు గడిచాయి. ఒకనాడు కులపెద్ద ఆమె గడపలోకి వచ్చాడు.

"ఎన్నాళ్ళని చూస్తావే నూకాలూ? వాడు ఆకలితో తిరుగుతుంటాడు. దర్భబొమ్మ చేసి కర్మ కానిచ్చేద్దాం. గాజులు తీసెయ్యి."

"బతికుంటేనో బాబాయ్? బతికున్న మనిషికి నా చేత్తో నేనే కొరివి పెట్టినట్టు కాదా?"

"పోయుంటేనో?"

నూకాలు గాజుల చేతులను కొంగులో దాచుకుంది. అమావాస్యకు కర్మ అని పెద్దలు నిశ్చయించారు. ఆనాటి నుంచి ఆమెతో మాట్లాడడానికి కూడా ఎవరూ రాలేదు. భార్యో, విధవో తేలని మనిషిని ఏ శుభానికి పిలుస్తారు? ఏ దుఃఖానికి పిలుస్తారు?

అమావాస్యకు ముందు రోజు తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. ఒళ్ళంతా బురదతో ఒక స్త్రీ కనిపించి, "తాడు తెగి పాయలో పడి ఉన్నాను. నన్ను గట్టెక్కించు. నీ మగడి ఆకు నా ముందు వెయ్యి. ఉన్నాడో లేడో నేను చెప్పను. నేను పట్టి ఉంచినదాన్ని మాత్రం ఎవరూ తెంపలేరు" అన్నది.

పోటు నీరు వెనక్కు తీసిన బురదలో నూకాలుకు పాతకాలపు లంగరు రాయి దొరికింది. ఒంటరిగా దాన్ని గట్టుకు ఈడ్చి, పసుపు రాసి, కొస కడలివైపు పెట్టి ఆకు వేసింది. పెద్దలు ఆమె కల విని, రాయిని చూసి చెప్పులు విడిచారు. కర్మ మాట మళ్ళీ ఎత్తలేదు. నూకాలు గాజులతోనే ముసలిదై, గాజులతోనే పోయింది. గంగన్న ఉన్నాడో లేడో మాత్రం ఆమెకు తెలియనే లేదు.

తరాలు గడిచాయి. మొన్నీమధ్య డెలోరిస్ అనే అమెరికా పెద్దావిడ, తన పూర్వీకుల కోసం కోరంగి చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడుగుతూ ఇక్కడికి వచ్చింది. నల్లజాతి మనిషి. ఆనవాలు చెప్పలేక, ఎక్కడా ఎవరికీ ఏమీ కాక, బాగా అలసిపోయి ఉంది. నూకాలు చెల్లెలి వంశపు మరిడమ్మ ఇప్పుడు గుడి పూజారిణి. ఆమె అతిథిని ప్రసాదానికి కూర్చోబెట్టి, అందరికీ వేసినట్టే ఆకు వేసింది. డెలోరిస్ ఒక నిమిషం చూసి, ఆకును మెల్లగా తిప్పి, కొసను సముద్రం వైపు పెట్టింది.

"అయ్యో, అలా పెట్టకూడదండీ!" అన్నారు పక్కవారు.

"ఉండండర్రా!" అంది మరిడమ్మ. "నీకెవరు నేర్పారమ్మా ఇది?"

డెలోరిస్ మాటలను ఆమె కారు డ్రైవరు తెలుగులో చెప్పుకొచ్చాడు. వాళ్ళ ఇంట పండగ భోజనంలో ఒక పళ్ళెం ఖాళీగా ఉంచుతారట. అందులో మొక్కజొన్న ఆకు పరిచి కొస సముద్రం వైపు పెడతారట. ఎందుకో ఎవరికీ తెలియదు. మంచు ఓడలో కోరంగి నుంచి వచ్చిన ముత్తాత తండ్రి నేర్పాడట. మనుషుల్ని బానిసలుగా అమ్మడం మానాలా వద్దా అని ఆ దేశం రెండుగా చీలి యుద్ధం చేసినప్పుడు, అతను మానాలన్నవారి ఫిరంగి ఓడలో పనిచేశాడట. బానిసతనం నుంచి విడుదలైన స్త్రీని పెళ్ళాడాడట. పోయేదాకా ఆ పళ్ళెం ముందు ఎవరినీ కూర్చోనివ్వలేదట.

మరిడమ్మ చేతిలోని గరిటె దించింది. తరువాత నూకాలు తెచ్చిన రాతి దగ్గరకు వెళ్ళి, మనిషితో చెప్పినట్టు చెప్పింది: "విన్నావా నూకాలమ్మా? బతికే ఉన్నాడంట. నీకూ అక్కడ ఆకు వేశాడంట."

ఆ రెండో ఇల్లాలి మాట ఆమె ఎత్తలేదు. రాతి చిల్లికి కొత్త గాజులు కట్టి, డెలోరిస్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి రెండో ఆకు ముందు కూర్చోబెట్టింది. అంతవరకు ఆ ఆకు ముందు ఎవరూ కూర్చోలేదు. ఆమె కడలికి ఎదురుగా కూర్చుని, ఒక్కతే, మెతుకు మిగల్చకుండా తిన్నది.

నాటి నుంచి, తమ పెద్దల జాడ తెలియక వెతుక్కుంటూ వచ్చినవారికే ఆ ఆకు. వారు ఏ దేశంవారైనా, ఏ పేరు చెప్పినా, చెప్పలేకపోయినా తల్లి కాదనదు. ఎక్కడున్నవారినైనా పట్టి ఉంచే తల్లి కదా. అయితే అలాంటివారు వచ్చేది ఎప్పుడో ఒకప్పుడు. మిగతా రోజుల్లో అన్నం చల్లారేదాకా చూసి, పోటు తీసేవేళ మరిడమ్మ ఆ ఆకును పాయలో విడుస్తుంది. అది మలుపు తిరిగేదాకా నిలబడి, వెనక్కు వస్తుంది.